ఇరవై ఇద్దరు పిల్లల బడికి డబ్బు ఎందుకు రాదు?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న కాశీనగర్ వైపు పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన మాట ఇది. "మా ప్రాథమిక బడిలో 22 మంది పిల్లలు, ఒక్కరే మాస్టారు. పర్లాకిమిడిలో ప్రభుత్వ హైస్కూలుకు స్మార్ట్ బోర్డు, కొత్త రంగులు, లైబ్రరీ, కుళాయిలు. మాకు సున్నం కూడా లేదు. రెండూ ఒకే ప్రభుత్వానివి కదా, మాకెందుకు డబ్బు రాదు? మధ్యలో ఎవరైనా తినేస్తున్నారా? ఈ ఏడే ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) మెంబరునయ్యాను. మీటింగులో ఏం అడగాలో చెప్పండి."

నేను 1989లో ఉద్యోగంలో చేరాను. అప్పటికి గజపతి జిల్లా పుట్టలేదు, మాదంతా గంజాం. 1992 అక్టోబరు 2న జిల్లా విడిపోయింది. ముప్పై నాలుగేళ్లు ఈ సరిహద్దు పల్లెల్లోనే తిరిగి, 2023లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. తెలుగు పిల్లలకు టీచరుని, ఒడియా పిల్లలకు గురుమాని. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు ఆ తినేయడం సంగతి. తినేవాళ్లు లేరని నేను అనను. కానీ మీ బడికి ఏడాదికొచ్చే గ్రాంటు పదివేలు, తమ్ముడూ. అందులో తింటే ఎవరి కడుపు నిండుతుంది? మీ అనుమానం అటు పోయినంత కాలం అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో కనపడదు. నేనూ మొదటి పదిహేనేళ్లు అలాగే అనుకున్నాను.

మీరు పోల్చిన రెండు బడులు ఒక ఖాతాలోవి కావు. ఆ హైస్కూలుకు రంగులు, బోర్డులు వచ్చింది ఫైవ్-టీ పేరుతో రాష్ట్రం హైస్కూళ్లను మార్చినప్పుడు. ఆ డబ్బులో ప్రాథమిక బడికి వాటా లేదు. మీ బడి నడిచేది సమగ్ర శిక్ష గ్రాంటు మీద. అందులో కేంద్రం నూటికి 60, రాష్ట్రం 40 వేస్తాయి. ఇంకో పక్క గిరిజన పిల్లల ఏకలవ్య బడులున్నాయి. వాటికి కేంద్రం ఒక్కో పిల్లకు ఏడాదికి లక్ష రూపాయలకు పైనే ఇస్తుంది. అందులో అన్నం, హాస్టలు, బట్టలు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని తెచ్చి మీ బడి పక్కన పెట్టి చూడడం న్యాయం కాదు. అయినా ఒకటి గమనించండి. ఏకలవ్యలో చేరేది ఆరో తరగతిలో, అదీ పరీక్ష రాసి. ఆ పరీక్షకు పిల్లను తయారు చేయాల్సింది ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే మీ పల్లె బడి. పిల్లకు లక్ష ఇచ్చే తలుపు దాకా నడిపించే బడికి పదివేలు. నా మట్టుకు నాకు, ఈ జిల్లాల్లో పెద్ద తేడా పల్లెకూ టౌనుకూ మధ్య కాదు. ఐదో తరగతి దాకా చదివేవాళ్లకూ, ఆ పైన చదివేవాళ్లకూ మధ్య.

ఇక గ్రాంటు. బడిలో ఎంతమంది పిల్లలున్నారో చూసి శ్లాబు వేస్తారు. 30 మంది దాకా 10,000. ముప్పై దాటి వంద దాకా 25,000. వంద దాటితే 50,000, రెండు వందల యాభై దాటితే 75,000, వెయ్యి దాటితే లక్ష. ఇందులో పదో వంతైనా శుభ్రత కోసం ఖర్చు చేయాలి. ప్రాథమిక బడికి లైబ్రరీకి 5,000, ఆటలకు 5,000 వేరే పద్దులు.

మీటింగులో "మాకు తలసరి తక్కువ ఇస్తున్నారు" అని లేచారనుకోండి, ఆఫీసరు మిమ్మల్ని రెండు నిమిషాల్లో కూర్చోబెడతాడు. లెక్క ఆయన వైపే ఉంది. 22 మందికి 10,000 అంటే పిల్లకు 454 రూపాయలు. టౌనులో 300 మంది బడికి 75,000 అంటే పిల్లకు 250. "చూశారా, మీకే ఎక్కువ ఇస్తున్నాం" అంటాడు. కాగితం మీద ఆయన అబద్ధం ఆడడం లేదు. నన్నూ ఒకసారి అలాగే కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను, నేను తప్పు లెక్క వేశానా అని.

లెక్క తప్పు కాదు, లెక్క వేసిన తీరు తప్పు. బడికి కొన్ని ఖర్చులు పిల్లల తలకాయలతో పని లేకుండా వస్తాయి. నా ఆఖరి బడి చిట్టా చెబుతాను. 2022-23లో, అంతకుముందు ఏడు లెక్క ప్రకారం ముప్పై లోపు పిల్లలు, గ్రాంటు పదివేలు. చీపుళ్లు, ఫినాయిలు, సబ్బులకు 1,000. ముందు గోడకు సున్నం, కూలితో కలిపి 3,200. బోరింగు రిపేరు 1,400. కరెంటు బిల్లు 1,600. రిజిస్టర్లు, సుద్దముక్కలు, జిరాక్సులు 1,300. ఆగస్టు 15, జనవరి 26కి జెండా, మిఠాయిలు 700. మొత్తం 9,200. చదువు చెప్పడానికి మిగిలింది 800 రూపాయలు, అంటే పిల్లకు ముప్పై రూపాయల లోపు. మూడు వందల మంది బడిలో కూడా బోరింగు ఒకటే, హాజరు పట్టీల ఖర్చు కాస్త ఎక్కువ, జెండా ఒక్కటే. వాళ్లకు చదువుకు మిగిలేది వేలల్లో ఉంటుంది. ఆఫీసరు 454, 250 అన్నప్పుడు మీరు ఈ చిట్టా తీయండి. తలసరి మాట ఎత్తకండి. "గోడా బోరింగూ పోగా పిల్లకు ఎంత మిగిలింది సార్" అని అడగండి.

మధ్యాహ్న భోజనం లెక్క దీనికి తోడు. 2025 మే నుంచి ప్రాథమిక బడి పిల్లకు పప్పు, కూర, నూనె, పోపు, వంటచెరుకు అన్నీ కలిపి రోజుకు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరే, పిల్లకు వంద గ్రాములు. గుడ్డుకు రాష్ట్రం వేరే ఇస్తుంది. 22 మంది వస్తే 149 రూపాయలు. ఇందులోనే దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండేది) ఉడకాలి. 300 మంది బడికి 2,034 రూపాయలు, వాళ్లు టోకున బస్తా పప్పు కొంటారు. మా వంటావిడ ఊరి కిరాణాలో పావుకిలో లెక్కన కొనేది. అదే పప్పు, అదే నూనె, మాకు ఎక్కువ ధర. పిల్లలు తక్కువైన రోజు వంటచెరుకు తగ్గదు కదా. పొయ్యికి హాజరు పట్టీ తెలియదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2018లో సమగ్ర శిక్ష మొదలైనప్పుడు ఈ పదివేల మెట్టు లేదు. అప్పట్లో మీలాంటి బడి 25,000 మెట్టులోనే ఉండేది. తర్వాత ముప్పై లోపు బడులను విడదీసి కిందికి దించారు. పిల్లలు అంతే, గోడలు అవే, గ్రాంటు సగానికన్నా తక్కువ. ఆ ఏడు పాస్‌బుక్కు చూసి నేను బ్యాంకుకు వెళ్లి, మిగతా విడత ఎప్పుడొస్తుందని అడిగి నవ్వుల పాలయ్యాను.

ముప్పై దగ్గర ఆ గీత ఎంత పని చేస్తుందో చెప్పాలంటే నా సొంత కథ ఒకటి చెప్పాలి. గొప్పగా చెప్పుకునేది కాదు. 2022 సెప్టెంబరు. బడి లెక్కలకు నెలాఖరు గడువు, పిల్లలెంతమందో ప్రభుత్వానికి చెప్పే యూడైస్ ఫారం నింపాలి. పట్టీలో 31 మంది ఉన్నారు. అందులో అక్కాతమ్ముళ్లు ఇద్దరు, వాళ్ల అమ్మానాన్న ఆగస్టులోనే ఇటుక బట్టీకి వెళ్లిపోతూ పిల్లల్ని తీసుకుపోయారు. మామూలుగా దసరా తర్వాత వెళతారు, ఆ ఏడు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చాడు. ఆ ఇద్దరి పేర్లు తీసేస్తే 29. గ్రాంటు పదివేలు. ఉంచితే 31. పాతిక వేలు. రెండు పేర్లకు పదిహేను వేలు. ఫోన్ చేశాను. "సంక్రాంతికి వచ్చేస్తాం టీచర్, పేర్లు కొట్టకండి" అంది తల్లి. కొట్టలేదు. వాళ్ల కోసం ఉంచానా, పదిహేను వేల కోసం ఉంచానా అంటే, రెండూ కలిసే ఉన్నాయి. వాళ్లు సంక్రాంతికి రాలేదు, మార్చిలో వచ్చారు. ఆ లెక్క మీద డబ్బు వచ్చేసరికి నేను రిటైరైపోయాను. ఇప్పుడు పిల్లల్ని పేరుపేరునా, ఆధార్‌తో ఆన్‌లైన్లో ఎక్కిస్తున్నారు కాబట్టి ఇలాంటివి కుదరవు. కుదరకపోవడం మంచిదే. కానీ ఇద్దరు పిల్లలు బట్టీకి పోతే మిగతా 29 మందికి సుద్దముక్కలు తగ్గాలన్న రూలు అలాగే ఉంది.

డబ్బు ఎంత అన్నదాని కంటే ఎప్పుడు అన్నది మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది. బడి తెరిచేది వేసవి తర్వాత. విడతలు వచ్చేవి చలికాలం దాటాక. ఒక ఏడు ఆటల డబ్బు ఫిబ్రవరి చివర వచ్చింది, మార్చి 31 లోపల ఖర్చు చూపించాలి. నెల రోజుల్లో బ్లాకులో ఉన్న బడులన్నీ ఒకే దుకాణం మీద పడ్డాయి. పట్టుకుంటే తెగిపోయే స్కిప్పింగ్ తాళ్లు అసలు ధరకు రెట్టింపుకు కొన్నాం. ఇదివరకు డబ్బు బడి ఖాతాలో పడి ఉండేది, కాస్త వడ్డీ కూడా వచ్చేది. ఇప్పుడు రాష్ట్రస్థాయిలో ఒకే ఖాతా, బడికి ఖర్చు పరిమితి మాత్రమే చూపిస్తారు. పద్దు దుర్వినియోగం కాకుండా పెట్టిన ఏర్పాటు, కాదనను. టౌను బడిలో కంప్యూటరు తెలిసిన గుమస్తా ఉంటాడు, పరిమితి కనపడిన రోజే బిల్లు పెట్టేస్తాడు. ఒక్క మాస్టారున్న బడిలో ఆయన పాఠం ఆపి, సిగ్నల్ వెతుక్కుంటూ గట్టు మీదికి ఎక్కాలి. ఈలోగా ఏడాది దాటిపోతుంది.

ఈ ఖాళీలన్నీ ఎవరు పూడుస్తారంటే టీచరు జేబు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడిలోనే మాస్టారుగా చేరారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న సభ పెట్టి ఈ మాట చెప్పి చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను. కానీ ఆ సభలకు వచ్చే ఆఫీసర్లు "పంతులుగారిని ఆదర్శంగా తీసుకోండి" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆయన చేసింది ప్రభుత్వం చేయలేదు కాబట్టి చేశారు. టీచరు జేబు బడ్జెట్ హెడ్డు కాదు.

ఇప్పుడు టౌను బడికి డబ్బు వచ్చిన ఇంకో దారి సంగతి. మో స్కూల్ అని 2017 నవంబరు 14న రాష్ట్రం ఒక కార్యక్రమం పెట్టింది. పాత విద్యార్థులు తమ బడికి డబ్బిస్తే, దానికి రెండింతలు ప్రభుత్వం కలుపుతుందన్నారు. వినడానికి ఎంత బాగుంది! చదువుకున్న బడిని తలుచుకోవడం కన్నా మంచి పని ఏముంటుంది? నేను కూడా మొదట్లో అందరికీ ఫోన్లు చేశాను.

టౌను హైస్కూలు పాత విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, విశాఖలో కాంట్రాక్టర్లున్నారు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వాళ్లున్నారు. వాళ్లు నలుగురు కలిసి లక్ష వేస్తే ప్రభుత్వం రెండు లక్షలు కలుపుతుంది, బడికి మూడు లక్షలు. నా బడి పాత విద్యార్థులు ఎవరు? చెన్నైలో భవనాల మీద పనిచేసేవాళ్లు, బట్టీకి పోయేవాళ్లు, ఒకరిద్దరు ఆటో నడిపేవాళ్లు. ఇవ్వరని కాదు. ఒక కుర్రాడు ఐదు వందలు పంపి, "ఇంతే కుదిరింది టీచర్" అని సిగ్గుపడ్డాడు. నాకే సిగ్గేసింది అడిగినందుకు. అందరి దగ్గరా కలిపి ఆరు వేలు వచ్చిందనుకోండి, దాని మీద పన్నెండు. ఇక్కడ చూడండి ఏం జరిగిందో. ఇదివరకు బాగుపడిన ఊరికి ప్రభుత్వం డబ్బు ఎక్కువ వెళ్లింది, బాగుపడని ఊరికి తక్కువ. దాత ఇచ్చిన లక్షతో నాకు పేచీ లేదు, అది ఆయన ఇష్టం. పేచీ ఆ పైన కలిపిన రెండు లక్షలతో. అది మీదీ నాదీ. బట్టీలో పనిచేసేవాడు సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా అందులో ఉంది. నేను గనక రూలు రాసేదాన్నైతే తిరగేసి రాస్తాను. పాత విద్యార్థులు లక్ష ఇచ్చిన బడికి చప్పట్లు, ఆరువేలే పోగైన బడికి రెండు లక్షలు.

ఇంత చెప్పాక కూడా ఇవన్నీ చిన్న డబ్బులే. అసలు డబ్బు గోడ మీద బోర్డులో రాయరు. అది టీచరు జీతం. ఆఖరి ఏళ్లలో నా ఒక్క నెల జీతం ఆ బడి ఏడాది గ్రాంటుకు కొన్ని రెట్లు. అంటే ప్రభుత్వం బడికి ఇచ్చే అసలు సొమ్ము మనిషి రూపంలో వస్తుంది. ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు అన్నదే నిజమైన గ్రాంటు. చట్టం ప్రకారం 60 మంది లోపు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. మీ బడిలో ఒక్కరు. అంటే మీ బడికి ఏటా ఒక మనిషి జీతం, లక్షల్లో, రావాల్సింది రావడం లేదు. మీరేమో సున్నం రాలేదని బాధపడుతున్నారు.

ఒక్క టీచరున్న బడి ఎలా నడుస్తుందో బయటివాళ్లకు తెలియదు. ఐదు తరగతులు ఒక గదిలో. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి వాళ్లకు లెక్క ఇచ్చి వదిలేయాలి. సీఆర్‌సీసీ (చుట్టుపక్కల బడుల క్లస్టర్ కోఆర్డినేటర్) మీటింగు, బ్లాకు ట్రైనింగు, ఓటర్ల జాబితా పని, భోజనం లెక్కలు. ఆయనకు జ్వరమొస్తే బడికి సెలవు. ఆ రోజు పిల్లలు గుడి దగ్గర ఆడుకుంటుంటే ఊళ్లో వాళ్లు "మాస్టారు రాలేదు, జీతం మాత్రం తీసుకుంటాడు" అంటారు. అన్నీ విన్నాను.

టీచర్లు పల్లెల్లో ఎందుకు ఉండరన్నదానికి జవాబు నా దగ్గరే ఉంది, ఎందుకంటే నేనూ వెళ్లిపోయిన దాన్నే. వంశధార అవతల ఒక పల్లెలో తొమ్మిదేళ్లు చేశాను. మా అమ్మాయి హైస్కూలుకు వచ్చింది. మా ఆయనకు టౌనులో ఉద్యోగం. వర్షాకాలంలో రోజూ రెండు బస్సులు. బదిలీకి అర్జీ పెట్టాను, తెలిసినవాళ్లతో చెప్పించాను, వచ్చింది. వెళ్లేరోజు పిల్లలు బస్సు దాకా వచ్చారు. నా స్థానంలో రెండేళ్లు ఎవరూ రాలేదు. ఆ తర్వాత వచ్చినాయనకు తెలుగు రాదు. నేను వెళ్లిన టౌను బడిలో అప్పటికే ఎనిమిదిమంది టీచర్లున్నాం. ఎవరినీ తిట్టలేను. పల్లెలో పనిచేసేవాళ్లకు ఇల్లు, పిల్లల చదువుకు ఏదో ఒక సదుపాయం, ఇన్నేళ్లు చేస్తే కోరుకున్న చోట పోస్టింగ్ అన్న గట్టి మాట ఉంటే నేను ఇంకో మూడేళ్లు ఉండేదాన్నేమో. ఏమో.

తెలుగు పిల్లల బడులకు ఇది ఇంకో రకంగా తగులుతుంది. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వచ్చినప్పటి నుంచీ ఈ గొడవ ఉన్నదే. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడిలో 40 మంది గానీ, ఒక తరగతిలో పదిమంది గానీ ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. తర్వాత 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది, ప్రాథమిక దశలో అమ్మభాషలో చదువుకు సదుపాయాలు కల్పించాలని. కానీ 22 మంది బడిలో ఒక తరగతికి పదిమంది ఎక్కడి నుంచి వస్తారు? మళ్లీ తలకాయల లెక్కే. తెలుగు టీచరు రిటైరవుతారు, పోస్టు ఖాళీగా ఉంటుంది, లేదా ఒడియా టీచరు వస్తారు. పాపం ఆయన తప్పేం లేదు, తనకొచ్చిన భాషలో చెబుతాడు. కాగితం మీద పోస్టు భర్తీ అయింది, ఖర్చు జరిగింది. ఒకటో తరగతి పిల్ల మాత్రం ఏడాదంతా మొహం చూస్తూ కూర్చుంటుంది. సవర పిల్లలకూ ఇదే కష్టం, మనకన్నా ఎక్కువ. ఈ ముచ్చట వస్తే మనవాళ్లు మన భాష గురించే మాట్లాడతారు గానీ, అదే బడిలో పక్కన కూర్చున్న సవర పిల్లకు ఇటు తెలుగూ రాదు, అటు ఒడియా రాదు.

ఇక సరిహద్దు. ఆంధ్రలోని పాతపట్నం మనకు కూతవేటు దూరం. అటువైపు 2019 నవంబరులో నాడు-నేడు మొదలుపెట్టి మొదటి విడతలోనే 15,715 బడులు బాగుచేశారు. 2020 జనవరి నుంచి కొన్నేళ్లు అమ్మ ఒడి అని తల్లి ఖాతాలో 15,000 దాకా వేశారు. పెళ్లిళ్లకీ సంతకీ అటు వెళ్లొచ్చిన మన తల్లులు ఆ బడుల ఫొటోలు తెచ్చి నాకు చూపించేవాళ్లు. అటువైపు చుట్టాలున్న వాళ్లు, కార్డున్న వాళ్లు మెల్లిగా పిల్లల్ని అటు చేర్చారు. నా బడి నుంచే ఆరుగురు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆరుగురు పోతే మిగిలిన బడి ఒక మెట్టు దిగింది. బడి చదువుల కోసం నీతి ఆయోగ్ పెట్టిన సాథ్-ఈ కార్యక్రమం 2017 నుంచి ఒడిశాలో నడిచింది. దానితోపాటు చిన్న బడుల్ని పెద్దవాటిలో కలిపేయడం కూడా మొదలైంది. అప్పట్నుంచి మా పల్లెల్లో ప్రతి పిల్లా ఒక ఓటులా అయిపోయింది. నలుగురు పోతే గ్రాంటు తగ్గుతుంది, ఇంకో పదిమంది పోతే బడే పోతుందన్న టెన్షన్.

కలిపేయడం మీద నా మాట కొందరికి నచ్చదు. అన్ని విలీనాలూ తప్పని నేననను. కిలోమీటరు లోపల, మధ్యలో వాగూ రోడ్డూ లేకుండా, ఒకే భాష పిల్లలున్న రెండు బడుల్ని కలిపి నలుగురు టీచర్లను ఒక చోట పెడితే పిల్లలకు లాభమే. ఏడేళ్ల పిల్లను వాగు దాటించి కలిపితే, అది మూసేయడమే. మీ ఊళ్లో ఆ ప్రస్తావన వస్తే ముందు వాగు ఉందా లేదా అన్నది చూడండి, ఊరి పరువు తర్వాత.

మీరేం అడగాలి? స్మార్ట్ బోర్డు మాత్రం అడగకండి. నిజంగా చెబుతున్నాను. ఇస్తే ఇచ్చేస్తారు కూడా. వోల్టేజీ లేక, చెప్పేవాళ్లు లేక బట్ట కప్పి ఉన్న బోర్డుల్ని నేను చూశాను. మొదట అడగాల్సింది రెండో టీచరు. అర్జీలో చట్టం పేరు, 2009 విద్యాహక్కు చట్టం, అరవై మంది లోపు ఇద్దరు అన్న మాట స్పష్టంగా రాయండి. అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ బడిలోనూ మంజూరైన పోస్టుల్లో పదో వంతుకు మించి ఖాళీ ఉండకూడదు. ఇద్దరిలో ఒకరు లేరంటే సగం ఖాళీ. ఇది బీఈవోకు (బ్లాకు విద్యాధికారికి) తెలియదని కాదు, రాసిచ్చి ముద్ర వేయించుకున్న కాగితానికి ఫైలులో చోటు వస్తుంది, నోటి మాటకు రాదు. నేను ఆ కుర్చీకి ఇటువైపు కూర్చుని చూశాను, ఏ కాగితాలు పైకి వెళతాయో.

తర్వాత ఎస్ఎంసీ రాసే బడి అభివృద్ధి ప్రణాళిక. చాలా బడుల్లో పోయిన ఏడు కాగితం తేదీ మార్చి పంపేస్తారు, నేనూ రెండుసార్లు పంపాను. మీరు అలా చేయనివ్వకండి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందు, అంటే డిసెంబరు లోపల కూర్చుని రాయండి. మన బడికి ప్రహరీ కావాలి, వంటగది కావాలి లాంటివి అందులో ఎక్కితేనే ఎక్కడో ఒకచోట వరసలో నిలబడతాయి. ప్రహరీలు, నీళ్ల పనులు బడి గ్రాంటుతో ఎప్పటికీ కావు. పంచాయతీ దగ్గరకు పోండి, సర్పంచ్‌ను మీటింగుకు పిలవండి. మా ప్రహరీ ఉపాధి హామీలో కట్టింది, సర్పంచ్ మనవడు మా బడిలో చదివినందుకు. అదృష్టమనండి.

గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చైంది అన్నది గోడ మీద రాయించమని మాస్టారిని అడగండి. అడిగే తీరు మాత్రం జాగ్రత్త. ఊరి జనం ముందు "లెక్క చెప్పండి" అంటే ఆయన మొహం చిన్నబోతుంది, ఒంటరిగా ఐదు తరగతులు లాగుతున్న మనిషి. ముందు ఆయన ఇంటికి వెళ్లి టీ తాగి, "మాస్టారూ, బీఈవో ముందు చూపించడానికి మనకు చిట్టా కావాలి" అనండి. ఆయన మీవైపు వస్తారు. పై ఆఫీసుల నుంచి జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో అర్జీ వేయొచ్చు, కానీ అది ఆఖరున. మాస్టారిని అడక్కుండా మొదటే అది వేస్తే మీ బడిలో రెండో టీచరు రావడం కాదు, ఉన్న ఒక్కరూ బదిలీ అడుగుతారు.

మీ ప్రశ్నలో రెండు సంగతులు లేవు, అవి తెలిస్తే ఇంకా చెప్పగలను. మీ బడిలో మంజూరైన పోస్టులు ఎన్ని? ఒకటే అయితే మీరు అడగాల్సింది జిల్లా స్థాయిలో కొత్త పోస్టు. రెండైతే ఆ రెండో మనిషిని ఎవరో డిప్యుటేషన్ మీద ఇంకెక్కడికో పంపారా అన్నది చూడాలి, చాలాసార్లు అదే జరుగుతుంది. రెండోది, ఆ 22 మందిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది? హాజరు పట్టీ పక్కన పెట్టుకుని లెక్కపెట్టి రాయండి. బట్టీకి పోయినవాళ్లను విడిగా రాయండి.